పలకని అక్షరం

డిస్క్ గురువారం పడవలో వచ్చింది,
ఉప్పుగాలికి కవరు అంచులు మెత్తబడి.
హనుస్ దాన్ని నా బల్ల మీద పడేసి
"ఇవాళే ఎక్కించెయ్ రన్వా" అన్నాడు,
చేపల పెట్టె దించమన్నంత తేలిగ్గా.

ఇవాళ కుదరదన్నాను.
ఎందుకన్నాడు.
ఎక్కించకపోతే తలుపుకు గొళ్ళెం లేనట్టే,
తోర్స్‌హావ్న్‌లో రెండు ఆఫీసులకు పురుగు పట్టిందట, నాకూ తెలుసు.
ఎక్కిస్తే ఏ గోడ కదులుతుందో
అది మాత్రం ఎవరికీ తెలీదు.
ఆలస్యం అమృతం విషమూ నిజమే,
నిదానమే ప్రధానమూ నిజమే;
రెండు సామెతల మధ్య
మైనస్ ఇరవై నాలుగు డిగ్రీల్లో
నూట పది టన్నుల కాడ్ చేప నిద్రపోతోంది.
ఆ చలిని లెక్క రాసేదీ, పెట్టెలకు పేర్లు కొట్టేదీ
మూలనున్న మూడో కంప్యూటర్.

ఆ రాత్రి డిస్క్‌తో వచ్చిన కాగితాలు చదివాను.
పదకొండో పేజీ చివర, చీమ తలంత అక్షరాల్లో:
కొన్ని పాత ప్రింటర్లు సరిగా పనిచేయకపోవచ్చు.
కొన్ని అంటే ఎన్ని? పాత అంటే ఎంత?
మా లేబుల్ ప్రింటర్ వయసు
నా రెండో కొడుకు వయసు.

ముందు బ్యాకప్ టేపు తీశాను.
ప్రతి సోమవారం శ్రద్ధగా మార్చి
తేదీ రాసి బీరువాలో పెట్టిన టేపు.
ఎన్నడూ వెనక్కి చదివించి చూడలేదు.
చదివిస్తే, ఖాళీ.
ఏడు నెలల సోమవారాలు ఖాళీ.
కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను.
ఇన్నాళ్ళూ నేను భద్రం చేసింది
నా చేతిరాతనే.

హనుస్‌కి ఆ మాట చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

కొత్త టేపు. కొత్త కాపీ.
అటక మీది పాత మిషన్‌ని దుమ్ము దులిపి
ఆ కాపీని దానిలోకి దించాను.
అది లేచి కూర్చుని
మొన్నటి వేలం ధరలన్నీ అప్పజెప్పాక
అప్పుడు ఒప్పుకున్నాను, కాపీ అని.
సర్వీస్ ప్యాక్ మొదట దానికే.
నలభై నిమిషాలు. రెండు రీస్టార్టులు.
నీలి గీత జరుగుతూ ఆగుతూ ఉంటే
త్రోందుర్ కాఫీ కప్పుతో వచ్చి
పురిటిగది బయట తండ్రిలా నిలబడ్డాడు.
అంతా బాగానే ఉంది.
ఒక్క లేబుల్ కొట్టి చూడమన్నాను.

నోర్లీసి అని మా రేవు పడవ.
దాని పేరులో ఒక అక్షరం రెండుసార్లు వస్తుంది.
దాన్ని రాస్తాం, పలకం.
మా తాతల నాటి నుంచీ ఎవరి నోటా వినబడని అక్షరం.
లేబుల్ మీద ఆ రెండు చోట్లా
రెండు ప్రశ్నార్థకాలు దిగాయి.

త్రోందుర్ నవ్వాడు, "చదివితే తేడా ఏముంది?"
చదివితే లేదు.
కానీ అవతలి రేవులో కస్టమ్స్ వాళ్ళు చదవరు, సరిపోల్చుతారు.
పత్రంలో ఒక పేరు, పెట్టె మీద ఇంకో పేరు అయితే
సరుకు ఒడ్డునే కరిగిపోతుంది.

శనివారం రాత్రి, పడవలన్నీ సముద్రంలో ఉండగా,
గాలి రేకుల కప్పును గోకుతుండగా,
త్రోందుర్‌ని జనరేటర్ పక్కన కూర్చోబెట్టి,
పది గంటల చలి లెక్క చేత్తో పుస్తకంలో రాసుకుని,
ఆఫీసు మిషన్లు రెండింటికీ ఎక్కించాను.
మూడోదాన్ని ముట్టుకోలేదు.
బయటి ప్రపంచానికి పోయే తీగ పీకేశాను.
గొళ్ళెం లేని తలుపుకు
దారే లేకుండా చేశాను, అంతే.

ప్రింటర్ కంపెనీకి ఉత్తరం రాస్తే
ఆ అక్షరాన్ని ఎలా పలుకుతారని అడిగారు.
పలకం అని జవాబిచ్చాను.
మళ్ళీ ఉలుకూ లేదు.

ఇప్పుడు మూడో కంప్యూటర్ నుదుటి మీద ఒక కాగితం:
తాకవద్దు. రన్వాని అడుగు.
కింద తేదీ వెయ్యబోయి
ఆగాను.
బీరువా తెరిచి, టేపు వెనక్కి చదివించి,
వచ్చి వేశాను.