ఎడమ చెవి వైపు

మూడు లాంతర్ల నుంచి నాలుగో షాపు మాది.
ఆషాఢం, ముసురు, బేరాల్లేవు.
గొడుగు గుమ్మంలోనే ముడిచి
లోపలికొచ్చాడాయన.
కోరాడ సన్యాసయ్య,
నెల్లిమర్ల జూట్ మిల్లు, మగ్గాల సెక్షను,
ముప్పయ్యొక్క ఏళ్లు.
"సినీమాహాలు సౌండు ఇంట్లో వొస్తాదట గదా పాపా,
ముప్పై లోపల సూపించు."

రెండు రిసీవర్లు బల్లమీద పెట్టాను, రెండూ కొత్తవే.
ఒకటి ఇరవయ్యారు వేల ఐదువందలు,
ఇంకోటి ముప్పైకి వంద తక్కువ.
మొదటిదాని అట్టపెట్టె మీద నూట నలభై వాట్లు,
రెండోదాని మీద ఎనభై.
"మరైతే సవకదానికే బలమెక్కువేటి?"

కుంచంతో చెప్పాను.
నూట నలభై అంటే
ఒక్క స్పీకరుకే గోపురంగా పోసి
గొంతు బొంగురుపోయాక కొలిచిన కుంచం.
ఎనభై అంటే
రెండింటికీ సమంగా పోసి
కర్రతో తల గీసి కొలిచింది.
నవ్వాడు.
"మా మిల్లులో గోనెల లెక్కా అలగే రాసీవోరు."

చిన్న మైకు స్టాండుకి తగిలించి
గది కొలిపించాను.
టుయ్, టుయ్, బుర్ర్,
ఐదు మూలల నుంచీ ఈలలు.
అద్దాల అల్మారా ఎంత దూరం, పరదా ఎంత మందం,
అన్నీ అదే రాసుకుంటుందన్నాను.
"గదిని కొలిసింది, సరే" అని
ఎడమ చెవి మీద అరచెయ్యి వేసుకున్నాడు.
"ఇటేపు మగ్గం ఉండీది."
అంతే అన్నాడు.

చొక్కా జేబులోంచి పెన్‌డ్రైవ్,
ప్లాస్టిక్ కవర్లో, రబ్బరుబ్యాండు చుట్టి.
పదహారేళ్ల కిందటి తప్పెటగుళ్లు.
ఎవరో ఫోనులో పట్టింది,
ఎన్ని చేతులు మారి వచ్చిందో.
పద్నాలుగు మంది. అందులో ఈయనొకడు.

మొదటి పెట్టెలో తప్పెట్లు మోగాయి.
షాపు అద్దం వణికింది, మా ఓనరు తలెత్తాడు.
మోగాయి గాని
పద్నాలుగూ ఒకటే తప్పెటలాగ.
రెండోదాంట్లో రేకులు విడివిడిగా,
కింద గజ్జెలు, వాటి కింద ఆ రోజు వాన.
"ఇది బాగుంది" అన్నాడు,
మొహం మాత్రం ఇంకా ఓపక్కకి తిప్పే ఉంది
వీధిలో పిలుపు తనకేనా అని వినే మనిషిలాగ.

కుడిదాన్ని పెంచుదామని రిమోటు అందుకున్నాను.
మెనూలోకి, సెటప్‌లోకి,
స్పీకర్లలోకి, లెవెల్స్‌లోకి...
"ఇన్ని గదులేటమ్మా,
ఇది పెట్టా, రాజుగారి కోటా?"

అప్పుడు తీశాను, బల్ల కిందది.
మార్పిడిలో వచ్చిన పాతది, పదకొండు కిలోలు.
కొత్త టీవీ బొమ్మ దీని గుండా వెళ్లదు.
బ్లూటూత్ లేదు.
రిమోటు వెనక మూతకి టేపు.
పదమూడు వేలు.
లోపాలన్నీ ముందే అప్పజెప్పేశాను.
దాని నుదుటి మీద మాత్రం ఒక గుండ్రటి బిళ్ల,
అటు ఎల్, ఇటు ఆర్.

నెమ్మదిగా కుడికి తిప్పాడు.
రెండు దెబ్బల మధ్య సందులో
ఎవరో దగ్గారు.
"ఆగాగు."
మళ్లీ వేశాను.
"మా గురువు. ముందు దగ్గీవోడు,
తరవాతే పాటెత్తీవోడు."
మూడోసారికి
ఆయన వేళ్లు చొక్కా మీద, రొమ్ము ఎముక మీద,
రేకు లేని చోట వాయిస్తున్నాయి.

పాట అయ్యాక
బిళ్లని వెనక్కి తిప్పి
నడిమికి తెచ్చి నిలబెట్టాడు.
ఎందుకన్నాను.
"ఎడమేపు మా ఆడది కూకుంటాది.
దాని సెవులు రెండూ బాగున్నాయి.
నానే కుర్సీ జరుపుకుంటాను."

పన్నెండున్నరకి బేరం తెగింది.
కొత్తదైతే నాకు కమీషనుండేది.
సాయంత్రం దాకా ఓనరు నాతో మాట్లాడలేదు.
మైకు తీగ చుడుతూ గుమ్మంలోంచి చూశాను:
ఆటోలో పెట్టెని సీటు మీద దించలేదాయన,
రొమ్ముకి ఆనించి రెండు చేతులా పట్టుకున్నాడు.
తన మాట తనకి వినపడని మనిషి కేకతో
వీధంతా తిరిగి చూసేలా
డ్రైవరు కుర్రాణ్ణి అదిలిస్తున్నాడు,
గొడుగు నాకు కాదురా,
దీనికట్టు.