అరవై ఒకటో పేజీ

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద
నలభై రూపాయలకు దొరికింది
కోటీశ్వరుడయ్యే పుస్తకం.
అట్ట మీద సూటేసుకున్నాయన నవ్వుతున్నడు.
అమ్మేటాయన చెప్పుకు పిన్నీసు ఉన్నది.
ముప్పైకి ఇయ్యమంటే
"ఇది చదివినంక నువ్వు బేరమాడవు తియ్యన్నా" అన్నడు.
ఆ మాట నచ్చి నలభై ఇచ్చిన.

నారాయణగూడ ఏటీఎంకు
రాత్రి తొమ్మిది నుంచి పొద్దున తొమ్మిది దాక
నేనే కాపలా.
ఏసీ లోపల, పైసలకు.
దోమలు బయట, నాకు.
ట్యూబులైటు ఒక్కటే ఇద్దరికీ పొత్తు,
ఆ వెలుతుర్లనే చదివిన.

నాలుగింటికే నిద్ర లేవాలన్నది పుస్తకం.
ముందు నన్ను పండనియ్యి, అన్న.
ఉన్నోళ్ళ సావాసం చెయ్యమన్నది.
రాత్రికి ఇరవై మందికి తలుపు తీస్త,
మొన్న ఒకాయన "మిషన్ల పైసలున్నయా?" అని అడిగిండు,
సావాసం అక్కడిదాక వచ్చింది.
నువ్వు నిద్రపోయినప్పుడు నీ పైసలు పని చెయ్యాలె, అన్నది.
మెడ తిప్పి వెనకకు చూసిన.
అవి హాయిగ పండుకున్నయి.
పని చేస్తున్నది నేను.

అట్లని నవ్వి పక్కకు పారెయ్యలే.
మూడో పాఠంల ఒక మాటుంది:
నెల రోజులు, పోయే ప్రతి రూపాయీ రాసుకో.
జనం పారేసి పోయిన రసీదులు ఏరుకొని
వాటి వెనక రాసిన.
ముందుదిక్కు ఎవరిదో నిల్వ, లక్షా నలభై వేలు.
వెనకదిక్కు నాది:
చాయ్ పదిహేను, జర్దా నలభై, బస్సు ముప్పై.
నెలాఖరుకు కూడితే
జర్దా ఒక్కటే పదకొండు వందల ఎనభై.
చేతులు సల్లవడ్డయి.
ఇంత మాట నాకు ఎవ్వరూ చెప్పలే,
అంటే, బాలమణి ఇరవై ఏండ్ల సంది చెప్తనే ఉన్నది,
అంకె చెప్పలే.
మానేసిన.
తొమ్మిది నెలలకు ఆమె కుట్టుమిషన్‌కు మోటరు పెట్టించిన.
అది పుస్తకం పుణ్యమే, కాదనను.

నాకంటె ముందు ఇంకెవరో చదివిన్రు.
మొదటి పేజీల గుండ్రటి అక్షరాలు:
సుదక్షిణ, రూం 14, లేడీస్ హాస్టల్, ఎస్.ఆర్.నగర్.
స్కేలు పెట్టి గీసిన పెన్సిలు గీతలు.
"నీ ఆలోచనే నీ ఆస్తి" కింద రెండు గీతలు, పక్కన ఒక చుక్క.
యాభై దాటినంక స్కేలు లేదు, గీత వంకరవోయింది.
అరవై ఒకటిల
"అప్పు సోమరితనానికి పుట్టిన బిడ్డ" అన్న కాడ
గీతే లేదు.
అంచుల చీమంత రాత:
నాన్న డయాలసిస్, వారానికి రెండు.

ఆ తర్వాత పేజీలన్నీ తెల్లగున్నయి.
కొన్ని ఒకదానికొకటి అంటుకొనే ఉన్నయి,
నేనే వేలు పెట్టి విడదీసుకుంట పోయిన.
ఆ పిల్ల ఏమైందో.
నౌకరి దొరికి రూం ఖాళీ చేసిందో,
ఫీజు కట్టలేక చేసిందో.

చివరి పాఠం పేరు సాకులు.
లేనోడు సాకు చెప్తడట, ఉన్నోడు దారి వెతుకుతడట.
మూడుసార్లు చదివిన.
జర్దా సంగతిల నాది సాకే, ఒప్పుకున్న.
మరి మార్చి జీతం?
బ్యాంకోళ్ళు ఇయ్యలేదన్నడు ఏజెన్సీ సార్.
ఏజెన్సీకి ఇచ్చినమన్నరు బ్యాంకోళ్ళు.
నేను దారే వెతికిన,
నారాయణగూడ నుంచి సికింద్రాబాదు ఆఫీసుకు,
ఆరుసార్లు,
బస్సు పైసలు రసీదు వెనక రాసుడు ఎందుకని
నడిచి.

జేబుల బాల్‌పెన్ను ఉండె.
ఆ పాఠం అంచుల రాసిన:
మార్చి జీతం మే పదకొండున వచ్చింది.
ఐదొందలు తక్కువ.
అయిలయ్య, నైట్ డ్యూటీ.

వచ్చే ఆదివారం ఆబిడ్స్ పోత.
మూడో పాఠం కాడ ఒక రసీదు ముక్క పెట్టిన,
కొనేటోళ్ళకు ఆ పేజీ జల్ది దొరకాలని.
పిన్నీసు చెప్పాయన ఇరవై అంటడు.
ఇరవై ఐదు అడుగుత.