ముద్దుకి అందేంత

మా నైన్, అంటే నాయనమ్మ,
ఉన్ని శాలువాలో ఏడుగురిని మోసింది.
ఒక కొస చంక కింద దోపి, రెండో కొస భుజాన వేసి
ఖాళీగా మిగిలిన చేత్తో బట్టలారేసేది.
తాత బెథెస్డా పలకరాళ్ళ గనిలో
సగం కొండని మోశాడు గానీ
ఒక్కర్నీ ఎత్తుకుని వీధిలోకి రాలేదట.

నాకు దక్కింది శాలువా కాదు,
నాలుగున్నర మీటర్ల నేతగుడ్డ.
పిల్లల్ని చూసిపోవడానికి వచ్చే మేరెడ్
ముందు బంగాళాదుంపలతో నేర్చుకోమంది.
నాలుగు కిలోల మూటని గుండెకి కట్టుకుని
వారంపాటు వంటింట్లో తిరిగాను.
దుంపలకి ఊపిరాడకపోతుందన్న దిగుల్లేదు.
హాయిగా తిరిగాను.

ఇవాళ హెలెద్. ఆరువారాల పిల్ల.
లూనెడ్ రాత్రి డ్యూటీ చేసొచ్చి
బూట్లు కూడా విప్పకుండా నిద్రపోయింది.

గుడ్డని పోగు పోగునా లాగి బిగించాను.
రెండు చేతులా హత్తుకుంటే ఎంత బిగువో అంత.
పిర్రలకంటే మోకాళ్ళు పైకి, చిన్న కప్పలా.
తల వంచితే తన నెత్తి నా పెదవికి తగలాలి.
తగల్లేదా, విప్పి మళ్ళీ కట్టు, అంది మేరెడ్.
మూడుసార్లు విప్పాను.

బయట వాన. మా వాన, అడ్డంగా కురిసేది.
కోటు ఇద్దరికీ కలిపి కప్పాను గానీ
పై గుండీలు పెట్టలేదు.
నా మెడ తడిస్తే తడవనీ,
తన ముక్కుకి గాలి కావాలి.

పోస్టాఫీసులో ట్రెబోర్ అడిగాడు: తల్లేదీ?
పడుకుంది.
అయ్యో పాపం, అన్నాడు, నన్ను చూసి.
చిల్లర కింద పడితే నడుం వంచలేదు,
తన తల పట్టుకుని గొంతుక్కూర్చుని ఏరుకున్నాను.
ఆయన మాత్రం పక్కకి చూశాడు.

ఎత్తు ఎక్కుతుంటే ఏడుపు ఆగింది.
అమ్మయ్య అనుకున్నాను.
నాలుగడుగులు వేశాక, ఆ అమ్మయ్యే భయపెట్టింది.
చూద్దును కదా,
గుడ్డ సడలి, పిల్ల కిందికి జారి,
గడ్డం ఛాతీకి అతుక్కుపోయి ఉంది.
మధ్యలో నా రెండువేళ్ళు పట్టలేదు.

ఎత్తాను. తల పక్కకి తిప్పాను.
వానలో రాతిగోడ పక్కన నిలబడి
ముక్కు దగ్గర వేలు పెట్టాను.
ఎంతసేపో తెలీదు, బహుశా ఒక్క క్షణం.
వేలికి వెచ్చగా తగిలింది.
ఆ తర్వాత నా ముఖం మీదే తుమ్మింది.

పలకని చీల్చేముందు తాత
వేలితో తట్టి, చెవొగ్గి వినేవాడట,
లోపల పగులుందేమోనని.
ఇంటిదాకా అలాగే నడిచాను,
పది అడుగులకోసారి ఆగి, వింటూ.

ఇంటికొచ్చి కెటిల్ పెట్టబోయి మానుకున్నాను.
మీద పిల్లుంటే వేడినీళ్ళ జోలికి పోకూడదు.
పొద్దున లూనెడ్ సగం తాగి వదిలిన టీ
బల్లమీద చల్లగా ఉంది.
అదే తాగాను, నిలబడి.