ఫ్యాన్ ఆపి

బ్రాడీపేట నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు,
మేడ మీద రేకుల గది.
మే నెల, పగలు పదకొండు గంటలు.
లేచి ఫ్యాన్ ఆపుతాను.

కరెంటు పోయిందా రత్నం
అని కింది వాటాలోంచి అనసూయమ్మ గారి కేక.
లేదండీ, కాటా సరిచూస్తున్నా.
గ్రాము తేడా పట్టే కాటాకి
గాలి కూడా బరువే.

కంపెనీ సర్వీస్ సెంటర్లో ఉన్న తొమ్మిదేళ్ళూ
గాలి సంగతి నాకు పట్టలేదు.
గంట కొట్టేవాడు ఒకడు, కార్డు రాసేవాడు ఒకడు,
బల్ల మీదికొచ్చింది బాగుచేసి పక్కకి జరపడమే నా పని.
ఇప్పుడు గంటా నేనే, కార్డూ నేనే,
ఆలస్యమైతే మొహం మాడ్చుకునే సూపర్‌వైజరూ నేనే.
చిక్కల్లా
ఆ సూపర్‌వైజరంటే నాకు భయం లేదు.

మొదటి ఏడాది
'ఇంట్లోనే ఉంటావుగా' అనే మాటొకటి
తలుపు కొట్టకుండా లోపలికొచ్చేది.
ఇంట్లోనే ఉంటావుగా, సిలిండర్ వస్తే దించుకో.
ఇంట్లోనే ఉంటావుగా, పిల్లాణ్ణి ఆటో ఎక్కించు.
వాళ్ళనేం అనను.
అందరికన్నా ఎక్కువ పనులు చెప్పింది
నా చేతిలో ఫోనే.
లోడ్‌సెల్ ధర చూద్దామని తీసి
ఎవరిదో గృహప్రవేశం చూసి
వాళ్ళ వంటింటి గచ్చు రంగు దగ్గర కాసేపు ఆగి
తలెత్తేసరికి
సోల్డరింగ్ ఐరన్ దేన్నీ అతక్కుండా
గంటనుంచీ కాగుతూ ఉండేది.

ఆ రోజుల్లోనే
నాగూర్‌బీ కాటా బాగుచేసిచ్చాను.
లాలాపేటలో మల్లెపూలు అమ్ముతుంది.
చెవిన ఫోను, నెత్తిన ఫ్యాను,
అంకె ఊగి ఊగి ఎక్కడో ఆగితే
చూశాననుకుని మూత బిగించేశా.

నాలుగు రోజుల తర్వాత
అటుగా పోతూ పలకరించాను.
'బేరం బాగుందమ్మా ఈ మధ్య,
ఏడుకల్లా బుట్ట ఖాళీ.
డబ్బులే ఎందుకో
ఎప్పటంతే ఉంటన్నాయి.'
నవ్వుతూనే అంది.

సంచిలోంచి పావుకిలో రాయి తీసి
కాటా మీద పెట్టాను.
రెండొందల ముప్పై ఎనిమిది
అంది, నేను బాగుచేసిన కాటా.

పావుకి పన్నెండు గ్రాములు, నాలుగు సాయంత్రాలు.
లెక్కకట్టి అక్కడే ఇచ్చాను.
నాగూర్‌బీ వద్దనలేదు, రెండుసార్లు ఎంచుకుంది.
వెళ్ళినప్పుడల్లా చేతిలో పెట్టే మూరెడు పూలు
ఆ రోజు పెట్టలేదు.

కాటా ఒళ్ళో పెట్టుకుని
మూడు వంతెనల కింద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు
తట్టింది:
నా రోజులూ అంతేగా.
ఏడుకల్లా బుట్ట ఖాళీ.
ఊపిరాడ్డం లేదని ఊరంతా చెప్పుకుంటున్నాను.

అప్పట్నుంచీ పొద్దున్నే
కాటా మీద ఏమీ పెట్టకుండా కాసేపు చూస్తా.
ఒకటి, సున్నా, మళ్ళీ ఒకటి, సున్నా...
అది కుదురుకునేదాకా నేనూ ఆగుతా.
పలక మీద సుద్దతో మూడు పేర్లు రాస్తా.
నాలుగో పేరు ఎంత పెద్ద కొట్టువాళ్ళదైనా
రేపే.
ఫోను బియ్యం డబ్బాలో.
మోగితే బియ్యానికి వినపడుతుంది.

రోజూ సాగుతుందని చెప్పను.
మొన్నటికి మొన్న కారం ఆడించడానికని బయల్దేరి
మిల్లు దగ్గర కబుర్లలో పూటంతా పోగొట్టాను.
ఇప్పుడు కూడా, చూడండి,
మెడ మీంచి చెమట వీపులోకి దిగుతుంటే
చెయ్యి స్విచ్ దాకా వెళ్ళి
వెనక్కొచ్చింది.

ఇంకా రాలేదా కరెంటు, అంటున్నారు కిందనుంచి.

రాయి పెట్టాను.
రెండొందల యాభై.
తీసి,
ఇంకోసారి పెట్టాను.