ఎనిమిది మిల్లీమీటర్లు

మోంపెల్యే నుంచి అద్దెకొచ్చిన పెట్టె
పొద్దున్నే మియో ఊళ్ళో దిగింది,
తార్న్ నది పక్క సందులో, నా స్టూడియో మెట్ల మీద.
సాయంత్రం ఆరింటికి తిరిగి బండెక్కాలి.
లోపల మీడియం ఫార్మాట్ కెమెరా,
నల్ల స్పాంజి గుంటలో నిద్రపోతున్న ఇటుకలా.
దాని ఒక్కరోజు బాడుగతో
నాకు నెల కరెంటు బిల్లు తీరుతుంది.
పక్క బల్ల మీద నా పాత ఫుల్‌ఫ్రేమ్,
పట్టు దగ్గర రబ్బరు ఊడి, టేపు చుట్టించుకుని,
ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

ఒదీల్ వైసెత్ వచ్చింది.
నలభై ఒక్కేళ్ళు చేతితొడుగుల తోలు కోసిన మనిషి.
మూతపడుతున్న కార్ఖానాకి ఇది ఆఖరి కేటలాగు.
"కెమెరాలు రెండెందుకు?" అంది,
"చేతికొకటా?"

మయెల్, నా అసిస్టెంటు,
పాఠం అప్పజెప్పినట్టు మొదలెట్టింది:
పిక్సెళ్ళు, బిట్లు, రంగుల లోతు.
నేను ఆపి, గాల్లో వేలితో గీశాను.
లోపల ఉండే సెన్సర్ వెడల్పు
దీనికి ముప్పై ఆరు, దానికి నలభై నాలుగు.
తేడా ఎనిమిది మిల్లీమీటర్లు. అంతే.
నవ్వుతుందనుకున్నాను.
"ఎనిమిదా!" కళ్ళజోడు పైకి తోసుకుంది.
"నేను అంత పొరబడితే
ఆ తొడుగు ఇంకెవరి చేతిదో అయిపోతుంది."

ముందు తొడుగులు.
గొర్రెపిల్ల తోలు చూసి నా పాతది
'నలుపు' అని ఒక్క మాటలో తేల్చేసింది.
అద్దెది తొందరపడలేదు.
తడి నలుపు, మసి నలుపు,
నేరేడు తొక్క నలుపు,
కుట్టు పక్కన దాక్కున్న ఇంకో నలుపు
ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలిచింది.

కిటికీలో మిట్టమధ్యాహ్నం. తెర దించలేదు.
లెన్సులోనే ఉన్న షట్టర్
సెకనులో వెయ్యోవంతు రెప్ప వేస్తే
ఎండ ఆరిపోయి ఫ్లాష్ ఒక్కటే మిగిలింది.
పన్నెండింటికి మా గదిలో అర్ధరాత్రి.
అదే పని పాతదానికి చెబితే
ఫొటో అడుగున నల్ల పట్టీ ఒకటి వేసి
నా వల్ల ఇంతే అయింది అంది.

ఇక ముఖం.
ఇక్కడ ఇటుకకి ఊపిరాడలేదు.
ఫోకస్ ఎంత పలచనంటే
ఆమె శ్వాస తీసుకుంటే చాలు
కనురెప్ప నుంచి చెవిపోగుకి జారిపోయేది.
పదకొండు ఫొటోలు. పదకొండు చెవిపోగులు.
పాతది అందుకున్నాను.
అది కంటిని పట్టుకుంది, వదల్లేదు.
ఒదీల్ తన మేస్త్రీ కథ చెబుతోంది:
బిషప్ గారికి పండక్కి పంపిన జత
రెండూ ఎడమచేతివేనట!
ఆ ఒక్క నవ్వులో పద్నాలుగు క్లిక్కులు.
ఏడోదాంట్లో ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.
మయెల్ ఏమీ అనలేదు.
ఏడో నంబరు దగ్గర చుక్క పెట్టింది.

నాలుగున్నరకి తెర ముందు కూర్చున్నాం.
తొడుగు తీసిన చెయ్యి, పెద్ద కెమెరాది.
పెంచాను. ఇంకా పెంచాను.
బొటనవేలి మొదట్లో సన్నటి తెల్ల గీత.
మేం ముగ్గురం పొద్దుట్నుంచీ చూసిన చేతిలో
ఎవరికీ కనబడనిది.

"మూడో వారం," అంది ఒదీల్, "కత్తెర జారింది.
పని పోతుందని అమ్మకి కూడా చెప్పలేదు."
మయెల్ మౌస్ అప్పుడే అక్కడికి వెళ్ళింది, చెరపడానికి.
"వద్దు," అంది. "ఉండనీ.
కానీ చిన్నగా అచ్చు వెయ్యి."
ఎంత?
జవాబుగా కాగితం మీద అరచెయ్యి పరిచింది.
నూరు మెగాపిక్సెళ్ళు పొద్దుట్నుంచీ పడ్డ పాటు
ఆ అరచేతి కిందికి వచ్చి ఆగింది.

నేను చుట్టూ పెన్సిలుతో గీశాను.
కింద బండివాడు హారన్ కొడుతున్నాడు,
పెట్టె ఇంకా మూయలేదు.
ఆమె చెయ్యి తీసి గీతని చూసి
పెన్సిలు వాలిందని
చెరిపించి మళ్ళీ గీయించింది.