గట్టెక్కడం

మేం లాగలేదు తుంగమ్మను గట్టుకు.
పుష్యమాసం రాంగానే నీళ్లే
రాత్రికో మెట్టు దిగిపోయినాయి,
చెప్పకుండా లేచిపోయే చుట్టాల మాదిరి.
తెల్లారి చూస్తే ముసలిమడుగు రేవులో
లాంచి ఒక పక్కకు ఒరిగి
బురదలో కూచోనుంది.
రెండంతస్తుల లాంచి.
తొంభైమందిని, మేకల మందలను,
ఒకసారి మేళంతో సహా ఒక పెండ్లిని
సోమశిల దరికి మోసిన నడుము.

టికెట్లు చింపే నా చేతికి
ఈ మూడు నెలలు సుత్తె.

సారంగు నడిపి హుసేని
అడుక్కిందికి మొద్దులు దొర్లిస్తాడు,
తుమ్మవి ఆరు, వేపవి నాలుగు.
"పొట్ట నేలకు ఆనగూడదబ్బీ, గాలాడాల"
అంటాడు,
నిండుచూలాలిని పండబెడుతున్నట్టు.

ఎనిమిదేండ్లు దీనిమీదే బతికినా
దీని అడుగు నాకు కొత్త.
జనానికి తెలిసిన తుంగమ్మ వేరే:
బెంచీలు, గంట,
ఎక్కేటప్పుడు తలకు తగిలే కమ్మీ.
కింద
పాచి, నత్తగుల్లలు,
తెగిన వలపోగులు చుట్టుకున్న పంకా,
ఏ రాయి గీకిందో
చూపుడువేలంత లోతు గీత.
ఆ గీత పడిన పొద్దు
పైన మేం వేరుశెనక్కాయలు ఒలుచుకుంటా ఉంటిమేమో.

తెల్లారి రేకు మంచుకు చెమర్చి ఉంటుంది.
పది దాటితే చెయ్యి పెట్టలేం.
ఆ రెండింటి నడుమే పని.
లాలెమ్మ, ఇంకా నలుగురాడోళ్లు
కొంగు ముక్కుకు కట్టుకొని గీకుతారు.
తుప్పు రాలి కనుబొమలు ఎర్రబడతాయి.
మధ్యాన్నం సంగటి కూడా
కొంచెం ఇనుము రుచే.

కొట్టేది కాదు ఈ పని, వినేది.
గట్టి రేకు ఖంగుమంటుంది.
తిన్న రేకు బొద్దుగా పలుకుతుంది,
బీటపడిన కుండ మాదిరి.
సంతలో కడవ కొనేటోళ్లకు
ఇది ఒకరు నేర్పాల్నా?

కాకినాడ నుంచి సర్వేయరొచ్చినాడు,
జేబులో సుద్దముక్క,
చేతిలో మందం కొలిచే చిన్న మిషను.
ఆరు మిల్లీలుండాల్సిన చోట నాలుగు,
ఒకచోట మూడున్నర.
పదకొండు సున్నాలు చుట్టినాడు.
పన్నెండోది ఒక పాత అతుకు చుట్టూ,
పలక మాదిరి నలుచదరం,
అంచు పొడుగునా వంకరటింకర టాకాలు.
"ఈ నాటుపని తీసెయ్యండి" అన్నాడు.

లాలెమ్మ పార దించింది.
"అది తీసేది కాదు సారూ."

పెద్ద వరదొచ్చిన యేడు
దాన్నేసింది ఇమ్మానియేలు, ఆమె మొగుడు.
బురదలో వెల్లకిలా పండుకొని,
మూలబడిన బెల్లం పెనం అడుగు కోసి.
నల్లద్దం పగిలితే
పని ఆపకుండా ఒట్టి కండ్లతోనే
ఆ తెల్లటి వెలుగును చూస్తా ఏసినాడు.
అట్లాంటి పనులు ఇంకెన్నో.
ఇప్పుడు గట్టుమీద టీబంకు పట్ట కింద
కూచోని ఉంటాడు.
గలాసు చేతికిస్తే గానీ తెలీదు.

ఆమె బతిమాలలేదు.
నా చేతిలో సుత్తె గుంజుకొని
ఆ పలక నడిమధ్యన ఒక్కటేసింది.

ఖంగ్.

మోత ఏటి అవతలి గుట్టకు కొట్టుకొని వచ్చింది.
బంకు కింద
ఇమ్మానియేలు తల ఇటు తిప్పినాడు,
ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు.

సర్వేయరు మిషను ఆనించి చూసినాడు.
మళ్లీ చూసినాడు.
ఏమీ అనకుండా
బొటనేలితో సుద్దగీత తుడిచినాడు,
సగమే పోయింది.
ఏండ్లకేండ్లు నిప్పుల మీద కాగిన ఇనుము
నీళ్లకు అంత తొందరగా లొంగుతుందా?

రెడాక్సైడు రెండు పూతలు,
పైన నల్లతారు.
అతుక్కీ రేక్కీ ఒకటే రంగు ఇప్పుడు.
మార్చని చదరానికి బిల్లు లేదన్నాడు కంట్రాక్టరు.
"గీకింది నేను గదప్పా" అని
లాలెమ్మ ఆ కూలి కూడా
లెక్కపెట్టి తీసుకుంది.

ఎగువ గేట్లు ఎత్తిన రోజు
మేం ఎవరం దగ్గర లేం.
నీళ్లొచ్చి మొద్దులు తేలిపోయినంక
తుంగమ్మ తనంతట తనే లేచి నిలబడింది.

ఎడమపక్క ఏడో బెంచీ కింద ఉంది అది.
అక్కడ కూచున్నోళ్లకు టికెట్టు చింపేటప్పుడు
పాదం కొంచెం తేలిగ్గా ఏస్తా.