పద్దెనిమిదో పేరు

గ్యాలరీ మూడో మెట్టు మీద
చెప్పులు పక్కన పెట్టుకుని కూర్చుంటాం, ఆదివారాలు.
పోర్టు గోడ మీంచి గాలి ఇటు మళ్ళిందంటే
ఇడ్లీ మీద కూడా బొగ్గు నలుసే.
కింద ఎర్రకంకర నేల మీద
ఇరవై ముగ్గురు ఆడపిల్లలు, ఇరవై మూడు కర్రలు,
బంతి ఒక్కటే.

పైన మా ఆట మాది.

"ఓడిపోడానికైతే కాకినాడ దాకా ఎందుకండీ,
ఇక్కడే ఓడొచ్చు, బస్సు చార్జీలైనా మిగుల్తాయి"
అంటాడు డాక్‌యార్డు వెల్డరు సింహాద్రిరావు.
కూతురి మార్కులు రాసుకునే డైరీలోనే
గోల్సు కూడా రాసుకుంటాడు.
"జెర్సీలు నేనే ఇచ్చాను" అని
మెడికల్ షాపు కామేశ్వరం ఎన్నడూ అనడు.
ఆ మాట పిల్లల వీపుల మీద ఉంటుంది.
ఫిషింగ్ హార్బరు నుంచి నేరుగా వస్తుంది నూకరత్నం,
చీర కుచ్చిళ్ళలోంచి ఐసు నీళ్ళు ఇంకా కారుతూ.
"ఆడనిస్తేనే కదేటి ఆట వచ్చీది?
ఒడ్డున కూకోబెట్టి ఈత నేర్పుతారేటి?"

నేను ఆమె పక్షం.
మూడు ఆదివారాలు గొంతు పోయేలా వాదించాను.
నన్ను మొదటిసారి క్రేను ఎక్కించిన రోజు
నాకేం వచ్చని ఎక్కించారు?
లివరేదో బ్రేకేదో తెలీని చేతికి
ఇరవై టన్నులు అప్పజెప్పలేదా?
అందరికీ వంతు రావాలన్నాను.
అన్నప్పుడల్లా
నాకు నేనే కాస్త పొడుగయ్యాను.

నిన్న సాయంత్రం
స్టోరు గది తలుపుకి బెహరా మాస్టారు
కరెంటు టేపుతో కాగితం అంటించి
వెనక్కి చూడకుండా స్కూటరెక్కి వెళ్ళిపోయారు.
పద్దెనిమిది పేర్లు.

ధైర్యం ఉన్నవాళ్ళు పైనుంచి చదువుతారు.
నేను కిందనుంచి మొదలెట్టాను.
మొదటి పేరే మా మౌక్తిక.
ఇంక పైకి చదవలేదు.
పైన ఎవరున్నా, ఎవరు లేకపోయినా
నాకు ఆ కాగితం అక్కడితో అయిపోయింది.

"బాబూ, మా గంగాభవాని పేరుందేటి? సూసి సెప్పు."

అప్పుడు చదివాను, ఒకటి నుంచి.
వేలు పెట్టి, బడిపిల్లాడిలా.
రెండోసారీ చదివాను,
నా చదవడంలో తప్పుంటే బాగుండునని.
కర్రపిడికి నీలం వలదారం చుట్టుకుని ఆడే గుంట,
పడితే మోకాలి మీద ఉమ్మి రాసుకుని లేచే గుంట.
లేదు.

సింహాద్రిరావు కూతురి పేరూ లేదు.
డైరీ మూసి జేబులో పెట్టుకున్నాడు.
"బాగా ఆడినవాళ్ళే వెళ్తారు మరి" అన్నాడు.
మూడు వారాలుగా అంటున్న మాటే,
గొంతు మాత్రం వేరు.

నా మాటేదని ఎవరూ అడగలేదు.
అందరికీ వంతు అన్న ఆ మాట
పచ్చి జీడిపిక్కలా నోట్లోనే ఉంది, పొక్కుతూ.

"మరి మీ గుంట?"
"ఉంది."
"మంచిదేలే. కాకినాడలో ఎండ మండిపోద్ది,
మజ్జిగ సీసా మర్సిపోకండి."
ఖాళీ గంప చంకలో సర్దుకుని
ఆమె గేటు వైపు నడిచింది.
కూతుర్ని పేరు పెట్టి పిలవలేదు.
ఒక్క ఈల వేసింది, అంతే.

ఇవాళ నాది తెల్లవారు షిఫ్టు.
క్రేను కేబిన్లోంచి చూస్తే
గ్రౌండు అగ్గిపెట్టంత.
అందులో ఎవరో ఒక్కతే
గోడకేసి కొట్టుకుంటోంది.
నీలం దారం ఉందో లేదో ఈ ఎత్తుకి తెలీదు.
బంతి కూడా కనబడదు.
కర్ర లేవడం, దిగడం,
మళ్ళీ లేవడం.

కిందనుంచి విజిలు వేస్తున్నారు
కొక్కెం దించమని.